చుక్క కదలడం లేదు

ఆ పొద్దున ఆకాశం బియ్యం కడిగిన నీళ్ళ రంగులో ఉంది. వంటింటి కిటికీలోంచి దాన్ని చూస్తూ నేను కూడా బియ్యమే కడుగుతున్నాను. కాళ్ళకి పరుగు బూట్లు. ఛాతీ మీద నాలుగు పిన్నీసులతో పెట్టుకున్న నంబరు కాగితం. చేతులు మాత్రం గిన్నెలో. బియ్యం కుక్కర్లో పోసి, నీళ్ళు కొలిచి, మూత బిగించి స్టవ్ మీద పెట్టి, వెలిగించకుండా వచ్చి మా ఆయన్ని లేపాను.

"తొమ్మిదికి స్టవ్ వెలిగించండి. మూడు విజిల్స్ రాగానే ఆపేయండి. టిఫిన్ బల్ల మీద ఉంది. కూర నేనొచ్చాక చేస్తాను."

"అలాగేలే, వెళ్ళు. ఇదే ఆఖరు కదా," అన్నాడు కళ్ళు తెరవకుండానే.

అది మా ఒప్పందం. ఊరంతా చుట్టి వచ్చే పెద్ద పరుగు, నలభై రెండు కిలోమీటర్లు. ముగింపు గేటు మూసేలోపు పూర్తి చేస్తే నా పొద్దుటి గంట నాది, ఇక ఎవరూ మాట్లాడరు. పూర్తి చెయ్యలేకపోతే బూట్లు అటక మీదికి. "సరదా తీరిపోతుంది, నీకూ మాకూ," అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. నా ఫోను ఎక్కడుందో తన ఫోనులో చుక్కలా కనబడేట్టు రాత్రే పెట్టుకున్నాడు. దారి మా వీధిలోంచే వెళ్తుంది కదా, చుక్క దగ్గరికి రాగానే నీళ్ళ సీసా పట్టుకుని మన ఇంటి గేటు దగ్గర నిలబడతానన్నాడు. ఆ మాట నాకు ఎంత నచ్చిందంటే, రాత్రి నిద్రపట్టక దాన్నే తిరగేసి బోర్లేసి చూసుకున్నాను.

నాకు పరుగు నేర్పింది బస్సు. నేను ఆసుపత్రిలో చీటీలు రాసే కిటికీ దగ్గర కూర్చుంటాను. అద్దానికి చిన్న కన్నం. జనం ఆ కన్నంతోనే మాట్లాడతారు. పేరు చెప్తారు, రోగం చెప్తారు, నా చెయ్యి చీటీ బయట పెడుతుంది, తీసుకుని వెళ్ళిపోతారు. అక్కడ ఇన్నేళ్ళు పనిచేసిన నన్ను బజార్లో ఒక్కరూ గుర్తుపట్టలేదు. ఇంట్లో పని తెమిల్చి బయట పడేసరికి ఎప్పుడూ బస్సు కదులుతూ ఉండేది, రోజూ వెంటపడేదాన్ని. ఒకరోజు డ్రైవరు జాలిపడి ఆపాడు. నేను ఆగలేదు. బస్సు దాటి తరవాతి స్టాపు దాకా పోయాను. ఎందుకో అప్పుడు నాకే తెలియలేదు. ఒళ్ళంతా చెమట, గుండె దడదడ, ఆ దడదడలో నేనొక్కదాన్నే ఉన్నాను. మర్నాటి నుంచి తెల్లారకముందే పార్కుకి వెళ్ళడం మొదలుపెట్టాను. "నిన్నెవరైనా తరుముతున్నారా అమ్మాయ్?" అని అత్తయ్య. "బస్సులుండగా పరుగెందుకు, ఇంధనం నష్టం," అని మామయ్య, తన మాటకి తనే నవ్వుకుంటూ. "పొద్దస్తమానం ఇంట్లో పరిగెత్తేది చాలదా?" అని మా ఆయన. ఆ మాట వేళాకోళానికే అన్నాడు గానీ, అందులో నిజం ఉందని ఆయనకి తెలియదు.

పార్కులో టైలరక్క దొరికింది. జాకెట్లు కుట్టే మనిషి, యాభై దాటింది, మోకాళ్ళకి పట్టీలు. ఆ రోజు కూడా ఇద్దరం కలిసే బయలుదేరాం. పదో కిలోమీటరు దాకా నా పక్కనే ఉంది. తరవాత, "నువ్వు నీ పాటికి రా పిల్లా, నాకు బండి వేడెక్కింది," అని ముందుకి పోయింది. ముప్ఫయ్యో కిలోమీటరు దాకా నేను బాగానే ఉన్నాను. రోడ్డు పక్కన ముక్కూ మొహం తెలియని వాళ్ళు చప్పట్లు కొడుతున్నారు. ఒక ముసలాయన కుర్చీ వేసుకుని కూర్చుని వచ్చేపోయే వాళ్ళందరికీ దణ్ణం పెడుతున్నాడు. నా మొహం చూసి పెట్టాడు. నా మొహం ఉన్నట్టు నాకే కొత్తగా అనిపించింది. అందరికన్నా వెనక ఒక బండి వస్తుంది, అలిసి ఆగిపోయిన వాళ్ళని ఎక్కించుకోవడానికి. దాన్ని మేం ఊడ్చే బండి అంటాం. అది ఎక్కడో చాలా వెనక ఉంది. కాళ్ళు బరువెక్కాయి గానీ మాట వింటున్నాయి. ఈ లెక్కన గేటు మూసేలోపు హాయిగా చేరిపోతాను.

మా వీధి మలుపు తిరిగాను. మా గేటు దగ్గర ఎవరూ లేరు.

ఫర్వాలేదు, చుక్క ఆలస్యంగా కదులుతోందేమో అనుకున్నాను. కాస్త నెమ్మదించాను. అప్పుడు వినబడింది, మొదటి అంతస్తు కిటికీలోంచి మా కుక్కరు. దాని గొంతు నాకు తెలుసు, చివర్న కొంచెం కీచుమంటుంది. విజిల్. గేటు దాటాను. ఇంకో విజిల్. ఇంకోటి. ఆపుతారు, ఇప్పుడు ఆపుతారు. ఇంకోటి. గాలిలో అడుగంటిన వాసన.

ఆ తరవాత ఏం జరిగిందో నేను ఎన్నిసార్లు చెప్పుకున్నా నాకు నమ్మకం కుదరదు. నన్నెవరూ పిలవలేదు. అది మాత్రం గట్టిగా చెప్పగలను. నా కాళ్ళు తిరిగాయి. వచ్చిన దారిన వెనక్కి, గేటు లోపలికి, మెట్ల మీదికి. తలుపు ఓరగా వేసి ఉంది. వంటింట్లోకి వెళ్ళి స్టవ్ ఆపేశాను. అంతటితో వెనక్కి వచ్చేస్తే ఇది కథే కాదు. సింకులో గిన్నెలు ఉన్నాయి. పాలగిన్నె మీద మూత లేదు. మూత పెట్టాను. స్నానాల గదిలో నీళ్ళ చప్పుడు, అత్తయ్య. హాల్లో కుర్చీలో మా ఆయన వీపు, చేతిలో ఫోను.

"అమ్మా, కొంచెం టీ పెట్టవే," అన్నాడు తల ఎత్తకుండా. "చుక్క కదలడం లేదు. మన ఇంటి మీదే ఆగిపోయింది."

టీ పెట్టాను.

టీ కాగుతుంటే గిన్నెలు తోమాను. గట్టు తుడిచాను. మామయ్య టీవీ ముందు కూర్చుని ఉన్నారు. టీవీలో ఈ పరుగే చూపిస్తున్నారు, ముందు వెళ్ళే వాళ్ళని, సన్నటి కాళ్ళతో లేళ్ళలా ఉన్న వాళ్ళని. అలికిడి విని అలవాటుగా అరచెయ్యి చాపారు. మాత్ర పెట్టాను, నీళ్ళ గ్లాసు ఇచ్చాను. "ఎంత మందో చూడు," అన్నారు టీవీతో. టీ గ్లాసు మా ఆయన చేతి పక్కన పెట్టాను. చెయ్యి దాన్ని వెతుక్కుని పట్టుకుంది. ఒక గుక్క తాగి లేచి బాల్కనీలోకి వెళ్ళాడు. కమ్మీ మీదికి వంగి, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని, రోడ్డు ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశాడు. వచ్చేపోయే వాళ్ళలో నా కోసం వెతుకుతున్నాడు. నిజంగానే వెతుకుతున్నాడు. మునివేళ్ళ మీద లేచి మరీ చూశాడు. నేను వంటింటి గుమ్మంలో టీ వడకట్టే జల్లెడ పట్టుకుని నిలబడి ఆ వీపు చూస్తున్నాను.

"పాపం, అలిసిపోయి ఎక్కడో కూలబడినట్టుంది," అన్నాడు రోడ్డు కేసి చూస్తూ. "నేను చెప్తూనే ఉన్నాను."

పిలవాలనుకున్నాను. చేతులు తడిగా ఉంటే రోజూ తుడుచుకున్నట్టే కొంగుకి తుడుచుకోబోయాను. కొంగు లేదు. కాగితం కరకరలాడింది. పిన్నీసు ఊడి వేలికి గుచ్చుకుంది.

అప్పుడు తెలిసింది. నేను పరుగులో ఉన్నాను.

నెత్తిన ఎవరో చన్నీళ్ళు గుమ్మరించినట్టయింది. జల్లెడ గట్టు మీద పెట్టి, ఇంట్లో దొంగలా గోడ వారగా నడిచి, తలుపు తీసుకుని మెట్లు దిగాను. సగం మెట్ల మీద ఉండగా పైనుంచి ఆయన గొంతు వినబడింది, చిన్నపిల్లాడిలా సంబరంగా. "నాన్నా, కదిలింది. చుక్క కదిలింది."

రోడ్డు మీదికి వచ్చేసరికి ఊడ్చే బండి మా వీధి మలుపు తిరుగుతోంది. డ్రైవరు పక్క కుర్రాడు తల బయటికి పెట్టి, "ఎక్కుతారా అమ్మా?" అన్నాడు. తల అడ్డంగా ఊపాను. మిగిలిన దూరం ఎలా పరిగెత్తానో కాళ్ళకి తెలియాలి. తల నిండా ఒకటే తిరుగుతోంది. వాళ్ళు నన్ను చూడలేదు, సరే. అదేం కొత్త, కిటికీ కన్నంలోంచి చూసే వాళ్ళు మాత్రం చూస్తారా? నన్ను వణికించింది అది కాదు. కుక్కరు కూతకి తిరిగిన కాళ్ళు నావి. ఇన్ని నెలలు తెల్లారుజామున లేచి నాకోసమని సాధన చేసిన కాళ్ళే. వాటిని తిప్పడానికి మనిషి కూడా అక్కర్లేకపోయింది, ఆవిరి చాలింది. ఒక్కసారి కూడా, ఆగు, నువ్వు పరుగులో ఉన్నావు అని లోపల ఒక్క గొంతు అనలేదే. ఎవరైనా పిలిచి ఉంటే బాగుండేది. పిలిస్తే కోపం తెచ్చుకోవచ్చు. నామీద నేను ఎట్లా కోప్పడను?

ముగింపు గేటు చేరేసరికి టైము లెక్కపెట్టడానికి నేల మీద పరిచిన చాపలు చుట్టేస్తున్నారు. టీ రెండు పొంగులు వచ్చేంత సేపు, అంతే తేడా. "క్లోజ్ అయిపోయిందమ్మా, వచ్చే ఏడాది రండి," అన్నాడు చాప చుడుతున్నతను, మంచిగానే. అతని పక్కనుంచి గీత దాటాను. ఎవరూ రాసుకోలేదు.

టైలరక్క ఫుట్‌పాత్ మీద కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది, మెడలో పతకం. నన్ను చూసి పతకం తీసి సంచిలో పెట్టేసుకుంది. "నాతో ఉన్నంతసేపూ బానే ఉన్నావుగా పిల్లా, నీరసం వచ్చిందా?"

"ఇంటికి వెళ్ళానక్కా."

"ఎందుకు?"

"కుక్కరు కూసింది."

నవ్వబోయింది. నా మొహం చూసి ఆగింది. కాసేపు తన మోకాలి పట్టీ సర్దుకుంది. "పోయినేడాది నేను పరిగెత్తుతూనే మా ఆయనకి ఫోనులో ఉప్పు డబ్బా ఎక్కడుందో చెప్పాను. స్టవ్ పక్కనే ఉందయ్యా, నీ ముక్కు కిందే అని రోడ్డంతా వినబడేట్టు అరిచాను. అయినా ఇంట్లోకి మాత్రం పోలేదే తల్లీ," అంది. అని, నా చెయ్యి పట్టుకుని లేపింది. వేలి మీద ఎండిన నెత్తురు చూసింది గానీ అడగలేదు.

ఇంటికి వెళ్ళేసరికి ముగ్గురూ హాల్లోనే ఉన్నారు. మా ఆయన ఎదురొచ్చాడు. నా మొహాన పతకం లేని సంగతి కనబడ్డట్టుంది, గొంతు తగ్గించాడు. జాలిగానే మాట్లాడాడు.

"చూడు, ముప్ఫై దాకా దివ్యంగా వెళ్ళావు. ఇదిగో ఇక్కడ, సరిగ్గా మన ఇంటి దగ్గర, ఆగిపోయావు. చాలాసేపు. నేను బాల్కనీలోంచి చూశా కూడా. ఎక్కడ కూర్చున్నావు? పైకి ఒక కేకేస్తే నీళ్ళు తెచ్చేవాణ్ణి కదా."

"సరిపడా తిండి లేకపోతే అంతే," అన్నారు మామయ్య. "టీవీలో చెప్పారు, గోడకి గుద్దుకున్నట్టు అవుతుందట."

"పోనీలే అమ్మాయ్, మన వల్ల అయ్యే పనులా అవి," అంది అత్తయ్య. "అన్నం గిన్నెలోకి తీసి కుక్కర్లో దుంపలు పెట్టాను. నువ్వొచ్చి కూర చేస్తావని. బియ్యం ఎవరో ఆపారు కాబట్టి సరిపోయింది, లేకపోతే మొత్తం మాడేది."

"ఒప్పందం గుర్తుందిగా," అన్నాడు మా ఆయన, నెమ్మదిగా. "నేనేం అనను. నువ్వే ఆలోచించుకో."

నేను భోజనాల బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చున్నాను. బూట్లు విప్పలేదు.

"టీలో చక్కెర సరిపోయిందా?" అన్నాను.

"ఏ టీ?"

"చుక్క ఆగినప్పుడు తాగారు కదా, ఆ టీ."

"ఆ, సరిపోయింది. అమ్మ పెట్టింది. ఏం?"

"నేనెక్కడ పెట్టాన్రా?" అంది అత్తయ్య. "నేను స్నానంలో ఉన్నాను. వచ్చేసరికే నీ గ్లాసు ఖాళీగా ఉంది. నువ్వే పెట్టుకున్నావనుకుని మురిసిపోయాను. గిన్నెలు కూడా తోమేశాడు నా కొడుకు అనుకున్నా."

"నేనా?"

మా ఆయన ఫోను కేసి చూశాడు. తరవాత వంటింటి కేసి. గట్టు మీద టీ జల్లెడ ఉంది, నేను పెట్టిన చోటే, కింద కాస్త టీ మరక కట్టి. ఆయన చూపు దాని మీద నిలిచిపోయింది. మామయ్య తన కుడి అరచెయ్యి తిప్పి చూసుకుంటున్నారు, అందులో ఏదో పోయినట్టు.

"నువ్వా?" అన్నాడు మా ఆయన. నన్ను చూశాడు. బూట్ల నుంచి మొదలుపెట్టి, నంబరు కాగితం మీదుగా, మొహం దాకా వచ్చి ఆగాడు. "నువ్వు ఇంట్లోకొచ్చి... నేను అక్కడ నిలబడి..." బాల్కనీ కేసి చెయ్యి చూపించి, ఆ చెయ్యి దించడం మర్చిపోయాడు.

కుక్కరు కూసింది. నా కాళ్ళలో ఏదో లాగినట్టయింది. రెండు చేతులతో కుర్చీ అంచు పట్టుకున్నాను. రెండో విజిల్. అత్తయ్య నన్ను చూసింది, అలవాటుగా. నేను బల్ల మీద చెక్క గీతలు చూస్తూ కూర్చున్నాను. మూడోది. నాలుగోది మొదలయ్యేసరికి మా ఆయన లేచాడు. స్టవ్ దగ్గర ఏ మీట ఏ పొయ్యిదో తడుముకున్నాడు, రెండుసార్లు తప్పు తిప్పి మూడోసారి ఆపాడు.

నేను నడుము సంచిలోంచి ఫోను తీసి, రేపటికి అలారం పెట్టాను. తెల్లారకముందు, రోజూ పెట్టే వేళకే. అది బీప్‌మంది. అందరూ విన్నారు.

ఆయనే కంచాలు తెచ్చాడు. మొదటిది నా ముందు పెట్టి అన్నం వడ్డించాడు. దుంపలు ఒలిచినవి ఒలిచినట్టే, పైన ఉప్పు. అన్నం అడుగంటిన వాసన కొడుతోంది. నలుగురం అదే తిన్నాం. వాసన సంగతి ఎవరూ ఎత్తలేదు.