చూరు కింది ఇద్దరు

“అంచు సరిగ్గా రానీ మెటిలియా, కొండ మీద చూస్తారు” అన్నాడు నా భర్త సెర్వియస్. నేను మగ్గం ముందు నిలబడి ఉన్నాను. అతను గుమ్మానికి ఆనుకుని అంజూరపళ్లు తింటున్నాడు. తొక్కలు నేల మీదే వేశాడు.

కొండ మీద అంటే సీజర్ ఇల్లు. ఇంటి ఆడవాళ్లు నేసిన బట్టే సీజర్ కడతాడని పేరు పడ్డాక రోమ్‌లోని పెద్ద ఇళ్లన్నిటిలో మూలపడ్డ మగ్గాలు ముందుగదిలోకి వచ్చాయి. చాలా ఇళ్లలో అవి చూపుకే. దాసీలు వెనక నేస్తారు, ఇల్లాలు అతిథులు వచ్చే వేళకు వచ్చి కండె పట్టుకుంటుంది. మా అత్తగారు నూమిసియా దానికి ఒప్పుకోలేదు. దాసీలు నేస్తే ఇంకో పని ఆగుతుంది, కోడలు నేస్తే ఏ పనీ ఆగదు అని ఆవిడ లెక్క. అందుకని పెళ్లయినప్పటి నుంచి సెర్వియస్ ఒంటి మీది ప్రతి పోగూ నాదే. పచ్చి ఉన్ని వాసన నా చేతుల్లోంచి పోదు. ఆ వాసన తనకు పడదని అతను మంచం వేరే గదిలో వేయించుకున్నాడు. విందుల్లో మాత్రం భుజం మీది మడత చూపించి, ఇదంతా మా ఇంటిదాని చేతి పని అనేవాడు. అందరూ అతన్నే మెచ్చుకునేవారు. పాతకాలపు మనిషి, ఇల్లు అదుపులో పెట్టుకున్నాడు అనేవారు. ఆ మాటలు అంటున్నప్పుడు నేను తెర వెనక వాళ్ల చేపలకు ముళ్లు తీయిస్తూ ఉండేదాన్ని.

ఆ ఏడాది ఊళ్లో అందరి నోటా ఒకటే సంగతి. సీజర్ వారసులుగా పెంచుకున్న మనవళ్లిద్దరూ దూరదేశాల్లో పోయారు. ఆయన ముసలివాడయ్యాడు. తర్వాత ఎవరు? ఆ రక్తం చుక్క ఉన్న ప్రతి ఇల్లూ తల ఎత్తింది. మా అత్తగారి అమ్మమ్మ ఆ వంశంలో ఎవరికో పిన్ని కూతురు. ఇన్నేళ్లూ ఆ చుట్టరికం పండగలకే గుర్తొచ్చేది. ఇప్పుడు పూటపూటకీ గుర్తొచ్చింది. పైగా ఆ వంశంలో పెళ్లికెదిగిన పిల్ల ఒకతె ఉంది. ఆ పిల్లను చేసుకున్నవాడు కొండకు అల్లుడవుతాడు. సెర్వియస్‌కు అడ్డం నేనొక్కదాన్నే.

ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు, దాచనూ లేదు. నా ముందే మాట్లాడుకున్నారు. నేను అత్తగారి జుట్టు ముడి వేస్తుంటే ఆవిడ అద్దంలోంచి కొడుకుతో, “దీనికింకా వయసుంది, ఎవరో ఒకరికి ఇచ్చెయ్యొచ్చు” అంది. నేను సూది గుచ్చి ముడి బిగించాను. గట్టిగా లాగుతున్నావని విసుక్కుంది.

మా దగ్గర భార్యను వదిలెయ్యడానికి మగవాడు ఎదురుపడక్కరలేదు. మనిషిని పంపి, నీ వస్తువులు నువ్వు తీసుకో అని సాక్షుల ముందు అనిపిస్తే చాలు. సెర్వియస్ పక్క గదిలోనే ఉన్నాడు. చెప్పుల చప్పుడు వినిపిస్తోంది. డామా వచ్చాడు. వాడు ఆ ఇంట్లో బానిసగా ఉండి విడుదలైనవాడు, ఇప్పటికీ సెర్వియస్ చెప్పిందల్లా చేస్తాడు. పెద్దమనుషులు కొందరు వాడి వెనక నిలబడ్డారు. డామా మగ్గం దిమ్మల వైపు చూస్తూ, “అమ్మగారూ, అయ్యగారు చెప్పమన్నారు. మీ వస్తువులు మీరు తీసుకోండి” అన్నాడు.

కండె కింద పెట్టాను. ఏడుపొస్తుందేమో అనుకున్నాను. కాదు. రేపటి నుంచి ఎవరి జుట్టూ ముడి వెయ్యక్కరలేదని మొదట తోచింది. తర్వాత ఇంకొకటి తోచింది, అతను విందు నుంచి వచ్చే చప్పుడు కోసం మెలకువగా ఉండక్కరలేదని. ఇంకా ఇంకా తోస్తూనే ఉన్నాయి. నా కూతురు ఒప్పియా నా కోసం ఏడ్చేది గానీ దాన్ని పోయినేడే కపువా ఊరి సంబంధానికి ఇచ్చేశారు. నన్ను అడగలేదు. పెళ్లికి ముందు రోజు మా ఆచారం ప్రకారం తన బొమ్మల్ని దేవత ముందు పెట్టి, ఒకదాని చెయ్యి సర్ది, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేసింది. ఆ తర్వాత ఆ ఇంట్లో నాకు మిగిలింది పనే. ఆ పని నుంచి కూడా తీసేశారు. నవ్వు వస్తుందేమోనని భయపడి మొహం మగ్గం వైపు తిప్పుకున్నాను.

“ఏడవదేంటి ఇది? రాయి” అంది అత్తగారు. ఆ తర్వాత కాస్త మెత్తగా, “మగ్గం మీది ఆ టోగా బట్ట దించి వెళ్లమ్మాయ్. పెళ్లికి వాడు వేసుకోవాలి” అంది.

ఆ ఊరట మధ్యాహ్నం దాకానే. మా చిన్నాన్న ఔలస్ వచ్చాడు. తండ్రి పోయిన ఆడదానికి తండ్రి తమ్ముడే సంరక్షకుడు. టిబుర్‌లో మా నాన్న నా పేర పెట్టిన ద్రాక్షతోట ఉంది. దాన్ని అమ్మాలన్నా, కట్నంగా తీసుకెళ్లాలన్నా చిన్నాన్న ఊ అనాలి. ఆయన అప్పటికే ఊ అనేసి వచ్చాడు. కొండ మీది సంబంధం కుదిర్చింది కల్వెంటియస్ అనే ముసలాయన. ఆయన సీజర్ చెవిలో మాట వెయ్యగలడు. ఊరికే ఎందుకు వేస్తాడు? టిబుర్ తోట మీద ఆయనకు ఎప్పటి నుంచో కన్ను. తోటతో పాటు నన్నూ ఇచ్చేస్తే అందరికీ సరిపోతుంది.

చిన్నాన్న మెత్తటి పీట చూసుకుని కూర్చున్నాడు. సీజర్ చట్టం వచ్చాక మగతోడు లేని ఆడది మళ్లీ పెళ్లి చేసుకోవాల్సిందే, లేకపోతే రావలసిన ఆస్తులు రావు, నీ మంచికే చూశాను అన్నాడు. కల్వెంటియస్ మంచివాడన్నాడు. “పళ్లన్నీ ఊడిపోయాయమ్మా, కరవను కూడా కరవడు” అని తనే నవ్వాడు. అత్తగారూ నవ్వింది. పక్క గదిలో చెప్పుల చప్పుడు ఆగింది.

నేను నవ్వలేదు. నాకు వేరే పళ్లు గుర్తొచ్చాయి. పళ్లు రాకముందే పోయిన పిల్లల్ని మేము కాల్చం. చావు నగారా ఉండదు, నల్లబట్ట కట్టరు, బంధువులు రారు. ఇంటి చూరు కింద చిన్న గొయ్యి తీసి పెడతారు. ఒప్పియా తర్వాత నాకు ఒక కొడుకు, వాడి తర్వాత ఒక కూతురు. ఇద్దరినీ సెర్వియస్ నేల మీంచి ఎత్తుకుని నా పిల్లలని ఒప్పుకున్నాడు. ఇద్దరికీ పేర్లు పెట్టారు. ఇద్దరూ పళ్లు రాకుండానే పోయారు. కొడుకు పోయినప్పుడు రెండో రోజే నేను మగ్గం దగ్గర నిలబడ్డాను. పాలు బట్ట మీద కారుతుంటే అత్తగారు, “తెల్ల ఉన్ని, మరకలు పడతాయి, పక్కకు జరుగు” అంది. కూతురు పోయినప్పుడు ఏమీ అనలేదు. ఆ తర్వాత ఎవరైనా అడిగితే మా కోడలు ఒక్క ఆడపిల్లను కని ఊరుకుంది అని చెప్పేది. ఒక్కొక్కసారి నేనూ అలాగే చెప్పాను. ఏడవకూడని చోట పేర్లు కూడా నోటికి రావు.

అయితే ఒక విందులో చట్టాలు చదువుకున్న ఒకాయన ఈ మాటే ఎత్తాడు. మూడు కాన్పులైన ఆడదానికి సీజర్ చట్టం సంరక్షకుణ్ణి తీసేసింది, మళ్లీ పెళ్లి అనే బలవంతమూ తీసేసింది అన్నాడు. పోయిన పిల్లల మాటేమిటి అని ఇంకొకాయన అడిగితే, ఆడదాని విషయంలో చూసేది కాన్పులనే అన్నాడు. సెర్వియస్ అప్పుడు చేప మీది పులుసు సంగతి మాట్లాడుతున్నాడు. తెర వెనక నేను విన్నాను. విని మర్చిపోయాననుకున్నాను.

“చిన్నాన్నా, ఈ ఇంట్లో పేరుపెట్టే రోజు భోజనాలకు నువ్వు వచ్చావు కదా?” అన్నాను.

“రాకపోవడమేంటి? ఒప్పియాకి వచ్చాను. ఆ పిల్లాడికి వచ్చాను. చివరి దానికీ వచ్చాను, ఆ రోజు తేనె రొట్టెలు మాడిపోయాయి.”

“అంటే నాకు మూడు కాన్పులైనట్టు నీకు తెలుసు.”

“తెలుసు. అయితే?”

“అయితే నాకు సంరక్షకుడు అక్కరలేదు. తోట నాది. పెళ్లి నా ఇష్టం.”

ఆయన ముందు అర్థం కాక చూశాడు. తర్వాత అర్థమైంది, కూర్చున్న పీట మీద ఓ పక్కకు జరిగాడు. అప్పుడు సెర్వియస్ పక్క గదిలోంచి బయటికి వచ్చాడు. నన్ను వదిలేశాక అతను ఎదురుపడడం అదే మొదలు. వాళ్లు పోయారు కదా, వాళ్లను ఎలా లెక్కేస్తావని అడిగాడు. నువ్వే నేల మీంచి ఎత్తుకున్నావని చెప్పాను. అప్పటి దాకా నేను అతన్ని మీరనే అనేదాన్ని. ఆ గదిలో ఎవరూ దాన్ని పట్టించుకునే స్థితిలో లేరు.

అత్తగారే ముందు తేరుకుంది. “చచ్చినవాళ్లను అడ్డం పెట్టుకుని బతుకుతావా? సిగ్గుండాలి.”

“ఎవరు చచ్చారు అత్తయ్యా? ఈ ఇంట్లో ఎవరికీ కర్మ చెయ్యలేదే” అన్నాను.

ఆవిడ మొహం తిప్పుకుని లోపలికి వెళ్లిపోయింది. నాకు జాలి కలగలేదు. ఇప్పటికీ లేదు.

మర్నాడే టిబుర్ వెళ్లిపోయాను. ఆ టోగాను దించలేదు. చూరు కింది ఇద్దరినీ తీసుకెళ్లలేను. తీసుకెళ్లే ఆచారం మాకు లేదు. వెళ్లే ముందు అక్కడ నిలబడి వాళ్ల పేర్లు పైకి అన్నాను. అప్పుడు ఏడుపొచ్చింది, ఏడ్చాను. గాడిద బండివాడు తొందరపెట్టలేదు.

తోటలో పని ఎక్కువే. కానీ అలసిపోతే కూర్చోవచ్చు. కూర్చుంటే ఎవరూ లేపరు. ఇది తెలియడానికే నాకు చాలా రోజులు పట్టింది, మొదట్లో ఊరికే లేచి నిలబడేదాన్ని. ఒప్పియా మొగుణ్ణి వెంటబెట్టుకుని వచ్చి వెళ్లింది. నువ్వు లావయ్యావమ్మా అంది. సంతోషంగా అంది.

సీజర్ చివరికి తన భార్య కొడుకును దత్తత తీసుకున్నాడు. వారసుడు ఖాయమయ్యాక, అంతకు ముందు తల ఎత్తిన ఇళ్లన్నీ కొండకు గుర్తొచ్చాయి. సెర్వియస్ చేసుకున్న పిల్ల తండ్రిని శిక్షగా ఊరు దాటించి దీవికి పంపారు. కల్వెంటియస్ వేడినీళ్ల తొట్టిలో కూర్చుని మణికట్లు కోసుకున్నాడు. ఆయన ఆస్తంతా కొండకు పోయింది. చిన్నాన్న మాట నెగ్గి ఉంటే నా తోటా అందులో పోయేది. ఆ కబురు విన్న రోజు నేను పందిరి కింద కూర్చుని కాళ్లు చాపుకున్నాను. ఊపిరి అడుగు దాకా వెళ్లి వచ్చింది.

ద్రాక్ష కోతలయ్యాక ఒక మధ్యాహ్నం నూమిసియా వచ్చింది. పల్లకీ లేదు, బాడుగ బండిలో వచ్చింది. జుట్టు ముడి ఎవరో అలవాటు లేనివాళ్లు వేసినట్టుంది. కూర్చోమన్నాను. నీళ్లు, రొట్టె, జున్ను పెట్టాను. తింటూ తోట బాగుందంది, పనివాళ్లు నీ మాట వింటారా అంది. తర్వాత అసలు సంగతి చెప్పింది. సెర్వియస్ ఆ పిల్లను కూడా డామా చేత వదిలేయించాడు. అయినా కొండ వాణ్ణి అనుమానంగానే చూస్తోంది. ఇంట్లో పాత భార్య, ముందుగదిలో మగ్గం కనబడితే వీడు సింహాసనం మీద ఆశలేని మామూలు సంసారి అనుకుంటారు. లేకపోతే దీవి తప్పదు.

“మీ చిన్నాన్నను అడిగాను” అంది నూమిసియా.

“ఏమన్నాడు?”

“దాన్నే అడగండన్నాడు.” చేతిలోని రొట్టె బల్ల మీద పెట్టింది. “అడుగుతున్నాను మెటిలియా. వస్తావా?”

పెళ్లి రోజున వస్తావా అని ఎవరూ అనలేదు, తీసుకొచ్చారు. మగ్గం దగ్గర నిలబడతావా అనలేదు. పిల్లను ఇవ్వమంటావా అనలేదు. వెళ్తావా అని కూడా అనలేదు. ఇన్నేళ్లకు ఒక మనిషి నా ఎదుట కూర్చుని, నా మొహం చూస్తూ, నా జవాబు కోసం ఆగింది. ఆ ఆగడం నాకు బాగుంది. కాసేపు అలాగే ఉండనిచ్చాను.

“రాను” అన్నాను. ఆవిడ బండిలో దారికి సరిపడా రొట్టె పెట్టించి, లోపలికి వెళ్లి పడుకున్నాను. వెంటనే నిద్ర పట్టింది.