డెల్మర్ మాస్టారి పట్టు

అక్షరాలు తప్పు పడితే మన్నించండి. నాకు చదువు అరవై ఆరో ఏట వచ్చింది. చెయ్యి ఇంకా సాగదు, ఈ కాస్త రాయడానికే మూడు వారాలు పట్టింది. ఇది మా చెల్లెలు నోరీన్ కథ. తనతో చెప్పే రాస్తున్నాను.

నోరీన్ మొగుడు డెల్మర్ ప్రూయిట్ పగలు పడవల రేవులో వెల్డింగు చేసేవాడు. సాయంత్రం పడూకా ఊళ్లో, టైర్ల కొట్టు పక్కన, కరాటే బడి నడిపేవాడు. ఆ బడికి పేరు తెచ్చింది ఒకే ఒక్క పట్టు. ఎదుటివాడు మీదికి రాగానే కాలరు దొరకబుచ్చుకుని, మడమతో కాలు లాగి, వెల్లకిలా పడేయడం. అది చూపించినప్పుడల్లా పడేది నోరీనే. పంతొమ్మిదేళ్లు పడింది.

మొదటిసారి కౌంటీ సంతలో, జనం ముందు. తన కాలరు పట్టుకున్న డెల్మర్ చేతులు వణుకుతున్నాయి. నోరీన్‌కి పాపమనిపించి, అతని మడమ తగలకముందే పడిపోయింది. జనం చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత మానడానికి సందు దొరకలేదు. డెల్మర్‌కి మాత్రం తన పట్టు మీద బైబిలు మీదున్నంత నమ్మకం.

తొంభై అయిదులో ఎవాన్స్‌విల్ ఊళ్లో ఒక పోటీ పెట్టారు. కొట్లాట విద్యలన్నిట్లో ఏది గట్టిదో తేల్చే పోటీ. ఎనిమిది మంది, ఒకటే రోజు, చుట్టూ ఇనుప కంచె. చేతులకు తొడుగుల్లేవు, మధ్యలో విరామం లేదు. ఓడినవాడు నేలమీద తట్టాలి, లేదా వాడి తరఫు మనిషి తువ్వాలు విసరాలి. డెల్మర్ తన తరఫున నోరీన్‌ని పెట్టుకున్నాడు. అతనికి ఎదురుగా ఒహాయోలో కుస్తీ నేర్పే పంతులు పడ్డాడు, పేరు కిన్నీ.

బడివాళ్లు తొమ్మిది మంది హోబర్ట్ వ్యానులో వచ్చారు. హోబర్ట్ సిటీ బస్సు డ్రైవరు, డెల్మర్ దగ్గర పదకొండేళ్లుగా శిష్యుడు. కిన్నీని తొంగి చూసొచ్చి, కుస్తీల్లో నలిగిన ఆ చెవులు ఎవరో నమిలి ఊసినట్టున్నాయి మాస్టారూ అన్నాడు. అందరూ నవ్వారు. నోరీన్ కూడా నవ్వింది. తన నవ్వు తనకే పక్క గదిలోంచి వినిపించినట్టుంది.

పిలుపు రాబోతుండగా డెల్మర్ లేచాడు.

"రావే, ఒక్కసారి. చెయ్యి వేడెక్కుతుంది."

ఈసారి పడకూడదనుకుంది నోరీన్. నిలబడితే అతను కంచెలోకి వెళ్లడు, వెళ్లకపోతే ఎముకలు దక్కుతాయి. దారి పొడవునా వ్యానులో ఆలోచించింది అదే. కాళ్లు బిగించింది కూడా. డెల్మర్ కాలరు పట్టాడు. తర్వాత చూసుకుంటే పైకప్పు లైట్లు కనిపిస్తున్నాయి, వీపు కింద చల్లటి సిమెంటు. మనసు వద్దన్నా, ఒళ్లు తన అలవాటు చేసుకుపోయింది.

"చూశారా?" అన్నాడు డెల్మర్ శిష్యులతో.

కంచెలో గంట మోగింది. కిన్నీ తల వంచి దూసుకొచ్చాడు. డెల్మర్ చెయ్యి చాచాడు, కానీ పట్టుకోవడానికి కిన్నీ ఒంటిమీద చొక్కాయే లేదు. మెడ పట్టుకుని కాలు లాగాడు. కిన్నీ ఆ కాలికేసి ఒకసారి చూసి, డెల్మర్‌ని నడుం దగ్గర ఎత్తి కింద వేశాడు. గుండెల మీద కూర్చుని తలతో, మోచేత్తో కొట్టాడు. మూడో దెబ్బకి పన్ను ఊడి కింద పరిచిన చాప మీద పడింది. నోరీన్ తువ్వాలు విసిరింది. ఏడుపు రాలేదు. తువ్వాలు తెల్లగా ఉంది, మడత విప్పకుండానే విసిరానే అనుకుంది, అంతే.

బట్టలు మార్చుకునే గదిలో డెల్మర్ మూతికి ఐసు పెట్టుకుని, శిష్యులందరూ వింటుండగా ఆమెను తిట్టాడు. వాడి మెడ అప్పుడే చిక్కిందట. ఇంకో పది సెకన్లు ఆగుంటే వాడు పైకప్పు లైట్లు లెక్కపెట్టేవాడట. అక్టోబరులో మళ్లీ పోటీ ఉంది, ఇప్పుడే పేరిస్తానన్నాడు. పేర్లు రాసుకునేవాడు కాగితం పట్టుకుని గుమ్మంలోనే ఉన్నాడు.

"ఈసారి తువ్వాలు హోబర్ట్ పట్టుకుంటాడు," అన్నాడు డెల్మర్. "ఏం చేసుండేవాడినో చూపిస్తా. లే నోరీన్."

నోరీన్ లేచి ఎదురుగా నిలబడింది. అతను కాలరు పట్టి కాలు లాగాడు. మడమ ఆమె పిక్కకి తగిలింది. నొప్పి పుట్టింది. నిలబడే ఉంది.

"ఒళ్లు వదులుగా పెట్టు."

మళ్లీ లాగాడు. నిలబడే ఉంది. మూడోసారి గట్టిగా లాగేసరికి అతనే తూలి బెంచీ పట్టుకున్నాడు. ఎవరూ నవ్వలేదు.

"ఎప్పట్నుంచి?" అన్నాడు డెల్మర్.

"సంతలో చూపించినప్పట్నుంచీ."

డెల్మర్ హోబర్ట్ వైపు తిరిగాడు. "నువ్వూనా?"

హోబర్ట్ బూట్లకేసి చూసుకున్నాడు. "అమ్మగారు పడేవారు కదా మాస్టారూ. అలా పడటం బడి మర్యాద అనుకున్నాం. నేనూ కొత్తవాళ్లకి అదే నేర్పాను."

గుమ్మంలో మనిషి, ఏమంటారు, పేరు రాసుకోనా అని అడిగాడు. డెల్మర్ ఐసు మూట ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"రాయొద్దు," అంది నోరీన్. "ఆయన రాడు."

డెల్మర్ కాదనలేదు.

బాధేసిందా అని తర్వాతెప్పుడో నోరీన్‌ని అడిగాను. ఏమీ అనిపించలేదక్కా, పిక్క మాత్రం వారం రోజులు నలుపెక్కి ఉంది, అంది.

వెల్డా హగ్గిన్స్, డెబ్భై నాలుగేళ్లు, ప్రస్తుతం మెట్రోపొలిస్, ఇల్లినాయ్.