తాళం వేసిన నేలమాళిగ

కొత్త బాయిలర్ మూడోసారి కూడా అంటుకోలేదు. దాని చిన్న తెర మీద మళ్లీ అదే ఎర్ర అక్షరాలు: ‘మంట రాలేదు’. ఈ ఇంట్లో ఇంతవరకూ ఎవరినీ అనని మాట ఒకటి ఆ ఇనప్పెట్టెను అన్నాను.

మా మామగారు ఎంగెల్బెర్ట్ నలభై ఏళ్లు ఈ నేలమాళిగలో, ఇల్లంతా వెచ్చబెట్టే కట్టెల బాయిలర్‌కు మేత వేశారు. పోయిన వసంతంలో ఆయనకు తుంటి ఆపరేషన్ అయింది. ఇక కట్టెలు మోయొద్దని డాక్టరు చెబితే ఆస్పత్రిలో బుద్ధిగా తలూపారు. ఇంటికొచ్చిన వారానికే కట్టెల గంప వీపున తగిలించుకున్నారు. నాకు తిక్క రేగింది. చెక్కపొట్టు గుళికలతో తనంతట తానే మండే బాయిలర్ కావాలని పట్టుబట్టాను. మా ఆయన వాలెంటిన్ “మీరూ మీరూ తేల్చుకోండి” అని ఊరి బ్యాండు ప్రాక్టీసుకు జారుకున్నాడు.

మామయ్య ఒప్పుకున్నారు గానీ పాత బాయిలర్‌ని అమ్మనివ్వలేదు. షెడ్డులో పెట్టించారు. “సకల పునీతుల పండుగ నాటికి ఇల్లు వెచ్చబడిందా, సరే. లేదంటే మర్నాడే నాది కిందికి దిగుతుంది,” అన్నారు. అది దిగితే గంప మళ్లీ ఆ తుంటి మీదికే. పోయినవాళ్ల సమాధుల మీద దీపాలు పెట్టే ఆ పండుగ ఈ రోజే.

పొగగొట్టం చూసేవాడు వచ్చి అంతా బాగుందన్నాడు. మొదటిసారి వెలిగించి ఇవ్వాల్సిన మెకానిక్ మాత్రం జ్వరంతో మంచమెక్కి, ఫోన్లోనే నాకు పాఠం చెప్పాడు. తేదీ పెట్టాను. ఏ గంటకు ఇల్లు వేడెక్కాలో, ఎప్పుడు తగ్గాలో పెట్టాను. గుళికలు గలగలా రాలేదాకా మర తిప్పాను. బటన్ నొక్కి, పై గదుల్ని వెచ్చబెట్టే రేడియేటర్లలోని గాలి వదలడానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి ఎర్ర అక్షరాలు. మండని గుళికలు ఎత్తిపోసి మళ్లీ నొక్కడం, పైకెళ్లడం, మళ్లీ అదే వరస.

ఈలోగా మామయ్య అక్కగారు, జెన్‌జి పెద్దమ్మ, వంటింట్లో కోటు విప్పకుండా కూర్చుని కేకేసింది.

“ఏమే బుర్గీ, నీ కొత్త అల్లుడింకా అలకపాన్పు దిగలేదా? నన్ను కోటు విప్పమంటావా, ఇంకోటి తెచ్చిస్తావా?”

కడుపు మండిపోయింది. పైకి పోదామని వెనక్కి తిరిగితే కాలికి స్టూలు తగిలింది. మామయ్య మూడుకాళ్ల స్టూలు. దాని చోటు గోడవార. ఇప్పుడు సరిగ్గా బాయిలర్ ముందుంది. దాని మీద ఆయన కళ్లజోడుంది.

మెట్లెక్కి వంటింటి గుమ్మంలో నిలబడ్డాను.

“మామయ్యా, మీ కళ్లజోడేదీ?”

“ఇక్కడే ఎక్కడో…” అంటూ జేబులు తడుముకున్నారు.

“కింద స్టూలు మీదుంది. బాయిలర్ తలుపు తెరిచారా?”

“తెరవకపోతే ఎలాగమ్మా? నిప్పంటుకుందో లేదో చూడొద్దూ? కాస్త ఊదొద్దూ? దాని మొహం చూడకుండా ఎవడైనా మంట పెడతాడా?”

“ఎన్నిసార్లు తెరిచారు?”

“నువ్వు పైకెళ్లినప్పుడల్లా.”

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. “తలుపు తెరిస్తే అది గాలి ఆపేస్తుంది మామయ్యా! ఎవరి చెయ్యో కాలుతుందని మొత్తం ఆపేస్తుంది!”

“ఇంత పిరికిదాన్ని తెచ్చావేమిటే?” అంది పెద్దమ్మ.

చర్చి గంటలు మొదలయ్యాయి. సమాధుల దగ్గరికి బయల్దేరే వేళయింది. కిందికి పరిగెత్తి గుళికలు ఎత్తిపోశాను, తలుపు బిగించాను, బటన్ నొక్కాను. పైకొచ్చి నేలమాళిగకు తాళం వేసి, తాళంచెవి నా కోటు జేబులో పడేసుకున్నాను.

“నా ఇంట్లో నా నేలమాళిగకి తాళమా!” మామయ్య మొహం ఎర్రబడింది.

“అవును, మీదానికే. పదండి, అత్తయ్య ఎదురుచూస్తుంటుంది.”

ఆయన కోటు బొత్తాలు బిగించుకుని సమాధులున్న గుట్టెక్కారు. అత్తయ్య సమాధి మీద ఎర్ర దీపం వెలిగించారు. చేతులు కట్టుకున్నారు గానీ చూపంతా గోడ అవతల మా ఇంటి కప్పు మీదే. నా చూపూ అక్కడే. బ్యాండులో వాలెంటిన్ బుగ్గలు పూరించి పెద్ద బాకా ఊదుతున్నాడు. మా పొగగొట్టంలో చలనం లేదు. రేపు ఆ గంప నేనే మోస్తాను, ఆయన్ని ముట్టుకోనివ్వను అనుకున్నాను. నాకు ఏడుపొచ్చేలా ఉంది.

పొగగొట్టం మీద తెల్లటి పొగ లేచింది. కాసేపు దట్టంగా ఉండి, పలచబడి, చివరికి వేడిగాలి మాత్రం అల్లల్లాడింది.

“అంటుకుంది!” అన్నారు మామయ్య. పాదిరిగారు ప్రార్థన ఆపి చూశారు. “అంటుకుందండీ. పొగ చూస్తే నాకు తెలీదూ?” అని ఆయనకూ చెప్పారు. నేను అత్తయ్య సమాధి ముందు సిగ్గు లేకుండా పిడికిలి పైకెత్తాను.

ఇంటి తలుపు తీయగానే వెచ్చదనం మొహానికి తగిలింది. జెన్‌జి పెద్దమ్మ కోటు విప్పింది, తర్వాత స్వెటరు విప్పింది. “ఇంకా ఏం విప్పించేట్టున్నావే?” అని గొణిగింది. గెలిచాను. ఆ గొణుగుడు మళ్లీ మళ్లీ వినాలనిపించింది.

మామయ్య రేడియేటర్ మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడ్డారు.

“నేను నాలుగున్నరకే లేస్తాను. ఆ సంగతి దానికి చెప్పావా?”

“మొట్టమొదట చెప్పింది అదే మామయ్యా.”

ఏటా సమాధుల దగ్గర్నుంచి రాగానే ఆయన నేరుగా కిందికి దిగేవారు. చల్లారిన నిప్పు రాజేసి, మసి చేతులు కడుక్కుని పైకొచ్చేసరికి మేమంతా కాఫీ తాగి, జడలా అల్లిన పండుగ రొట్టె తినేసి లేచేవాళ్లం. ఈసారి ఆయన మాతోపాటే కూర్చున్నారు. నేను కాఫీ పోశాను. ఆయన అలవాటుగా ఒక్క గుక్కలో సగం కప్పు తాగబోయి, అదిరిపడి కప్పు దించేశారు.

“ఏమైంది మామయ్యా?”

“నాలుక కాలిందమ్మా,” అన్నారు కళ్లు తుడుచుకుంటూ. “పండుగ నాడు మనింట్లో కాఫీ ఇంత వేడిగా ఉంటుందా?”