పాడెకు మాత్రం దారి

నాచారం ఊరి సందు పెద్ద రోడ్డును కలిసే చోట పోలీసులు అడ్డంగా తాడు కట్టారు. బావిలో చేద వేసుకునే మోకులాంటి మామూలు తాడు. కానీ దాని వెనక లాఠీలు వరుసగా నిలబడ్డాయి కాబట్టి ఆ పొద్దున అది కోటగోడతో సమానం.

తాడుకు ఇవతల ఎద్దుల బండిలో కిష్టమ్మ నొప్పులు పడుతోంది. తొలి కాన్పు. పక్కన కూర్చున్న మార్తమ్మ ఆమె పొట్ట మీద చెయ్యి వేసి చూసి, బండి దిగి, కిష్టమ్మ మొగుడు హనుమాండ్లును పక్కకు లాగింది. మార్తమ్మ మిషన్ ఆసుపత్రిలో ఆయా. ఊళ్ళో సగం మంది పిల్లలు ఆమె చేతుల్లోకే పుట్టారు.

"బిడ్డ అడ్డం తిరిగింది తమ్మీ. ఇది నా చేతుల లేదు. సికింద్రాబాదు పెద్ద దవాఖానాకు పోవాలె. పొద్దు నెత్తి మీదికొచ్చేలోపు పోకుంటే తల్లి గూడ దక్కది."

హనుమాండ్లు తలపాగా తీసి చేతుల్లో పట్టుకుని ఇన్‌స్పెక్టర్ ఉమాపతి ముందు నిలబడ్డాడు.

"సార్, నీ కాల్మొక్త. జర ఇడువున్రి."

"ఎన్నిసార్లు చెప్పాలయ్యా? కేంద్రమంత్రిగారు ఫ్యాక్టరీ ప్రారంభానికి వస్తున్నారు. ఆయన కార్లు దాటేదాకా రోడ్డు మీద బండి కనపడకూడదు."

"ఎప్పుడొస్తరు సార్?"

"విమానం దిగాక."

"అదెప్పుడు దిగుతది?"

"నన్నడిగితే? విమానం నేను నడుపుతున్నానా?"

వెనక ఆగిపోయిన జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. పాల బిందెల సైకిలాయన అందుకున్నాడు. "నా పాలు ఇరిగిపోతున్నయ్. మంత్రికి పెరుగు పంపుతమని చెప్పున్రి సార్." ఉమాపతి లాఠీతో నేల మీద కొట్టాడు. నవ్వు ఆగింది. బండిలో మూలుగు ఆగలేదు.

వేరే దారి లేదా అంటే ఉంది. పొలాల మీదుగా ఉప్పల్‌కు పోయి, రామంతాపూర్ మీదుగా పట్నంలో పడొచ్చు. కానీ ఆషాఢం వానలకు చెరువు అలుగు దూకి ఆ బాట నడుం లోతున మునిగి ఉంది.

అప్పుడు సామ్యేలు వచ్చాడు. మార్తమ్మ పెనిమిటి, కొత్త ఫ్యాక్టరీలో ఫిట్టరు, హనుమాండ్లుకు పక్కింటి అన్న. ప్రారంభోత్సవానికని ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఉన్నాడు. సంగతి విని చెవిలో చిన్నగా అన్నాడు.

"బండి ఎనకకు తిప్పు."

"ఏందన్నా నువ్వనేది?"

"బతికినోళ్ళకు దారి ఇయ్యరు. సచ్చినోళ్ళకు ఇస్తరు. మొన్న తార్నాక కాడ గిట్లనే తాడు కట్టిన్రు. మా మేనత్త చావు పోతుంటే తాడు లేపి, టోపీలు తీసి నిలబడ్డరు. చర్చిల మోత మంచం ఉంది. పండబెట్టి, తెల్లగుడ్డ కప్పి తీస్కపోదాం. తార్నాకల నా దోస్తు రిక్షా ఉంటది."

హనుమాండ్లు తలపాగా మళ్ళీ చుట్టుకున్నాడు. కిందికి చూశాడు. పైకి చూశాడు. బండిలోంచి కిష్టమ్మ ఈసారి అరిచింది. అంతే, అతను ఎద్దుల ముకుతాళ్ళు పట్టి వెనక్కి తిప్పాడు.

*

చర్చి మోత మంచం అంటే పెద్ద పనితనమేమీ లేదు. టేకు చట్రం, నాలుగు మూలలా భుజానికెత్తుకునే పిడులు. ఊళ్ళో ఏ క్రైస్తవుల ఇంట్లో చావు జరిగినా దాని మీదే సమాధుల తోటకు మోస్తారు. మళ్ళీ తెచ్చి, కడిగి, చర్చి వెనక గదిలో గోడకు చేరేస్తారు. ఆదివారం బడి పిల్లలు దాని మీద కూర్చుని పాటలు నేర్చుకుంటారు.

ఆ మంచం హనుమాండ్లు ఇంటి ముందుకు రాగానే అతని తల్లి ఈరమ్మ గడపలో అడ్డం నిలబడింది.

"ఎవరు సచ్చిన్రని తెచ్చిన్రు?"

సామ్యేలు చెప్పాడు. ఈరమ్మ మొహం నల్లబడింది.

"పెద్దమ్మా, ఉత్త నాటకం," అన్నాడు సామ్యేలు.

"మీకు నాటకం బిడ్డా. మీరు మంచం కడిగి మల్ల చర్చిల పెట్టుకుంటరు. మేము పాడె కట్టెలు సుత ఇంటికి తిప్పి తేం, ఆడనే ఇడిసొస్తం." కొడుకు వైపు తిరిగింది. "ఈ వాకిట్ల నుంచి పాడె లేచినంక, దాని మీద పోయినోళ్ళు మల్ల ఈ గడప తొక్కొద్దు. తొక్కితే ఇంకొకల్లను తీస్కపోతది. నీ అయ్య పోయిన ఇల్లు ఇది. తెల్సే చేస్తున్నవా?"

ఈరమ్మ రాతిగుండె మనిషేం కాదు. కిష్టమ్మ ఆమె తోడబుట్టిన తమ్ముడి కూతురు. తల్లీతండ్రీ పోయిన పిల్లను ఉప్పల్ నుంచి తెచ్చుకుని, కోడలిని చేసుకుని, కాన్పుకు నెయ్యి కాచి ఉట్టి మీద పెట్టింది. అందుకే ఆ మాట అనేటప్పుడు ఆమె బండి వైపు చూడలేకపోయింది. కానీ అంది.

హనుమాండ్లు కాళ్ళు గడప దగ్గరే ఆగిపోయాయి.

బండిలోంచి కిష్టమ్మే పిలిచింది. "బావా."

"ఆ?"

"ఎత్తు. ముందుగల్ల బతకనీ. మీ అవ్వకు నువ్వు చెప్పుకోలేవా?"

"చెప్త," అన్నాడు హనుమాండ్లు. "నేను చెప్త." పెళ్ళాన్ని చేతుల మీద ఎత్తుకొచ్చి మంచం మీద పడుకోబెట్టాడు. మార్తమ్మ తన పైటకొంగు చింపి ముద్ద చేసి కిష్టమ్మ పళ్ళ మధ్య పెట్టింది. "నొప్పి లేచినప్పుడు కొరుకు. కూత పెడితివా, అందరం జైల్లనే."

తెల్లగుడ్డ మొహం మీదికి వచ్చింది.

*

ముందు సామ్యేలు, హనుమాండ్లు. వెనక చర్చి మనుషులు ఇద్దరు. మార్తమ్మ గుండెలు బాదుకుంటూ నడిచింది. సామ్యేలు పరలోకం మీద పాట ఎత్తుకున్నాడు. తాడు దగ్గర జనం చీలి దారి ఇచ్చారు. బండిలో మూలిగిన పిల్ల ఈమేనని వాళ్ళకు తెలుసు, పోయిందనే అనుకున్నారు. పాల సైకిలాయన కళ్ళు తుడుచుకున్నాడు.

ఉమాపతి టోపీ తీశాడు. తాడు లేపమని సైగ చేశాడు. అంతలో గుడ్డ చివర బయటికొచ్చిన కాళ్ళు చూశాడు.

"ఆగండి. పాట చూస్తే చర్చి పాట. పసుపు కాళ్ళేంటి?"

హనుమాండ్లు భుజం మీద పిడి జారబోయింది. సామ్యేలు పాట ఆపకుండానే రాగంలో ఊపిరి పీల్చుకుని, "పిల్ల మా దిక్కుది, పిల్లగాడు వాళ్ళ దిక్కోడు సార్. లవ్ మ్యారేజి," అన్నాడు.

ఇందాక బతిమాలినవాడేనని గుర్తుపట్టి, ఉమాపతి హనుమాండ్లును ఎగాదిగా చూశాడు. తలపాగా, మోకాళ్ళ దాకా ధోతి, బురద కాళ్ళు. "ఇతనా!" అన్నాడు. మరుక్షణం తనకే సిగ్గేసినట్టు పక్కకు తప్పుకున్నాడు.

తాడు లేచింది.

రోడ్డు నున్నగా, ఖాళీగా, హబ్సిగూడ దాకా అద్దంలా ఉంది. వాళ్ళు నడక వేగం పెంచారు. చావు మోసేవాళ్ళు అంత వేగంగా నడవరు, కానీ చూసేవాళ్ళెవరు? మరి కాస్త దూరం పోతే తార్నాక దారి. హనుమాండ్లు అప్పుడే మొదటిసారి ఊపిరి తీసుకున్నాడు.

ఎదురుగా కార్లు కనిపించాయి.

విమానం దిగింది! ముందు జీపు, వెనక నల్లకారు, దాని వెనక మరిన్ని. పాడె పక్కకు తప్పుకుంది. కార్లు దాటిపోతాయి కదా అనుకుంటే, నల్లకారు ఆగింది. ఖద్దరు మంత్రి దిగాడు. వెంట పత్రికల వాళ్ళు దిగారు. వచ్చే ఏడాది ఎన్నికలు. చావు ఎదురైతే దిగకుండా పోయే నాయకుడు ఎవరు?

"ఎవరమ్మా? చిన్న వయసేనా?" అంటూ మంత్రి తన మెడలోని బంతిపూల దండ తీసి తెల్లగుడ్డ మీద వేశాడు. చేతులు జోడించాడు. సరిగ్గా అప్పుడు కిష్టమ్మకు నొప్పి లేచింది.

గుడ్డ కింద ఆమె చెయ్యి తడుముకుంటూ వచ్చి హనుమాండ్లు చొక్కా పట్టుకుంది. ఆ పట్టుకు చొక్కా భుజం దగ్గర పిగిలింది. పళ్ళ మధ్య ముద్దలోంచి సన్నటి మూలుగు మొదలైంది. మార్తమ్మ గబుక్కున మంచం చట్రం పట్టుకుని, "ఓ నా బిడ్డో, నన్నిడిసి పోతివా!" అని రోడ్డంతా దద్దరిల్లేలా ఏడ్చింది. సామ్యేలు పాటను ఆకాశానికి ఎత్తాడు. ఆ గోలలో మంత్రి సామ్యేలును పక్కకు జరిపి, పిడి తన భుజానికెత్తుకుని నాలుగడుగులు నడిచాడు. కెమెరాలు టపటపమన్నాయి.

"వ్యాను ఇప్పిస్తాను, శ్మశానం దాకా," అన్నాడు మంత్రి.

"వద్దు సార్," అంది మార్తమ్మ ఏడుపులోంచే. "మా ఆచారం, నడిచే పోవాలె."

కార్లు కదిలాయి. నలుగురూ పరుగెత్తారు.

*

దవాఖానాలో కిష్టమ్మను కోసి బిడ్డను తీశారు. ఆడపిల్ల. ఇద్దరూ దక్కారు. డాక్టరమ్మ, ఇంకాస్త ఆలస్యమైతే ఇద్దరూ పోయేవాళ్ళని చెప్పింది. హనుమాండ్లు వరండాలో కూర్చుని చిరిగిన చొక్కా మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.

మర్నాడు పత్రికలో ఫొటో వచ్చింది. మంత్రి భుజం మీద పాడె, పక్కన నోరు తెరిచిన హనుమాండ్లు. కింద పెద్ద అక్షరాలతో 'పేదరాలి అంతిమయాత్రలో మంత్రి'. హోటల్లో చదివినవాళ్ళు చదవనివాళ్ళకు చెప్పారు. ఉప్పల్ నుంచి చుట్టాలు ఏడుస్తూ దిగారు. చనిపోలేదని తెలిశాక వాళ్ళ ఏడుపు ఆగింది కానీ భయం మొదలైంది. మంత్రి దండ వేసిన శవం ఇంట్లోకొస్తే ఊరికి అరిష్టమన్నారు పెద్దమనుషులు. ఆ వారమే ఈరమ్మ ఎడమ కాలు పడిపోయింది. వాతమని వైద్యుడన్నాడు. ఊరు అనలేదు.

దవాఖానా నుంచి వచ్చిన రోజు కిష్టమ్మ పసిదాన్ని ఎత్తుకుని సందు మొదట్లో నిలబడింది. లోపల మంచంలోంచి ఈరమ్మ, "వద్దు కొడకా, నీ కాల్మొక్త," అని ఏడుస్తోంది. హనుమాండ్లు వాకిట్లో నిలబడ్డాడు. చెప్తానన్నాడు కదా. ఒక్క మాట చెప్తే చాలు. గడప వైపు చూసి, మళ్ళీ సందు వైపు తిరిగాడు.

"బోనాలు అయిపోనీ," అన్నాడు చివరికి. "జర ఊరు సల్లబడనీ. గప్పటిదాంక మార్తక్క ఇంట్ల ఉండు."

కిష్టమ్మ పసిదాని నెత్తి మీద కొంగు కప్పి వెనక్కి తిరిగింది. మార్తమ్మ వచ్చి బిడ్డను అందుకుంది.

బోనాలు అయ్యాయి. అతను దసరా అన్నాడు. దసరా అయింది. అవ్వ కాలు నయం కానీ అన్నాడు. రోజూ చీకటి పడ్డాక పాలు పట్టుకుని సామ్యేలు ఇంటి వెనక దడి దాకా పోయేవాడు. మార్తమ్మ పాలు తీసుకునేది. మొదట్లో కిష్టమ్మ దడి దాకా వచ్చేది. తర్వాత రాలేదు. సామ్యేలు మాట మీద ఆమెకు ఆ కొత్త ఫ్యాక్టరీలోనే డబ్బాలకు కాగితాలు అంటించే పని దొరికింది. ఒకసారి సామ్యేలు కల్లు తాగి వచ్చి, "నా నోరు పడిపోను తమ్మీ, ఆ మంచం మాట నేనెందుకంటి," అని హనుమాండ్లును పట్టుకుని ఏడ్చాడు. ఈరమ్మ మరుసటి ఎండాకాలం చివర పోయింది. పోయే ముందు ఉట్టి వైపు చూపించి ఏదో అనబోయింది. నెయ్యి ఎప్పుడో కంపు కొట్టి పారబోశారు.

పెద్ద కర్మ అయిన మర్నాడు హనుమాండ్లు బండి కట్టాడు. కొత్త చీర, పిల్లకు వెండి మొలతాడు తెచ్చాడు. ఊరు ఏమన్నా అనుకోనీ. షిఫ్టుకు పోయేలోపే తెచ్చుకోవాలని సామ్యేలు ఇంటికి పోతే, ఫ్యాక్టరీకి బయలుదేరిందని చెప్పారు. బండిని రోడ్డు వైపు తోలాడు.

సందు చివర తాడు కట్టి ఉంది.

ఫ్యాక్టరీ వార్షికోత్సవమట. ఈసారి ఎవరో గవర్నరు. మెడలో బిళ్ళ ఉన్న ఫ్యాక్టరీ మనుషులను మాత్రం వదులుతున్నారు. తాడుకు అవతల కిష్టమ్మ నడుస్తోంది, చంకలో పిల్ల.

"కిష్టమ్మా!"

ఆమె ఆగింది. వెనక్కి వచ్చి తాడుకు అవతల నిలబడింది. పిల్ల హనుమాండ్లును కొత్తవాడిని చూసినట్టు చూసింది.

"ఇంటికి పోదాం రా. అవ్వ పోయింది. ఇగ ఎవ్వరేమన్నా నేను చెప్త."

"అప్పుడు చెప్పకపోతివి బావా."

"తప్పయింది."

"అవ్వ మీద నాకు కోపం లేదు. ఆమె భయపడ్డది, ముందే చెప్పింది. నువ్వు చెప్తనంటివి." కిష్టమ్మ గొంతులో ఏడుపు లేదు. అదే అతన్ని కోసింది. "గుడ్డ కప్పినప్పుడు నాకు భయం కాలేదు. నీ అంగీ నా చేతుల ఉండె. వాకిట్ల నిలబడ్డనాడు అయింది. మోసినోనివి నీకు తెల్వదా, పోయినోళ్ళు మల్ల రారని."

"బిడ్డ..."

"వచ్చి సూస్కో. సీకట్ల దడి కాడికి గాదు. పొద్దుగాల, ముందు తలుపు నుంచి రా."

ఫ్యాక్టరీ సైరన్ కూసింది. ఆమె వెళ్ళిపోయింది. హనుమాండ్లు బండి దిగి తాడు ఎత్తి దూరబోయాడు. కానిస్టేబులు లాఠీ అడ్డం పెట్టాడు.

"ఏయ్, యాడికి? బిళ్ళ ఉందా?"

"లేదు."

"ఇంట్ల ఏమన్న చావయిందా?"

హనుమాండ్లు రోడ్డు వైపు చూశాడు. జనంలో ఎర్రచీర చెంగు ఇంకా కనబడుతోంది.

"అయింది," అన్నాడు. "పోయిన ఏడు."

"గట్లయితే ఎనకకు జరుగు," అన్నాడు కానిస్టేబులు.

అతను జరిగాడు.