మిగిలిన మాత్రలు

రఘురామన్ తిని లేచాక అరిటాకు మడవడు. మడవకూడదు. ఆ ఆకులోనే కళైవాణి కూర్చుని తినాలి. మదురైలో తరాలుగా యాలకుల వ్యాపారం చేస్తున్న ఆ తెలుగు ఇంట్లో అది మర్యాద. కొత్త కోడలిగా వచ్చిన రోజునే అత్త రాజామణి చెప్పేసింది: "మగని ఆకులో తింటేనే ఇంటిది అయ్యేది. మేమంతా అట్లనే తింటిమి." ఆ పూట నుంచి ఆయన కొరికి వదిలిన అప్పడం, ఆయనకు కారమైన పచ్చడి, ఆయన పక్కకు తోసిన కరివేపాకు, అన్నీ ఆమె పాలే. అప్పటికి అన్నం చల్లారిపోయి ఉండేది. వేడన్నం తినాలనుకోవడమూ ఒక కోరికేనా అని తనను తానే కసురుకునేది.

ఆకులో మిగిలినవే కాదు, మాత్రలూ అంతే. యాలకుల వేలానికి బోడినాయకనూరు వెళ్ళొచ్చినప్పుడల్లా రఘురామన్‌కి కడుపు చెడేది. అమీబా అని డాక్టరు మాత్రలు రాసేవాడు. అవి వేసుకుంటూ తాగకూడదు. ఒకసారి తాగి, వాంతులతో, గుండెదడతో మంచం పట్టాడు. ఆ దెబ్బకు బుద్ధొచ్చి మానేశాడు, తాగుడు కాదు, మాత్రలు. అప్పటినుంచి నొప్పి కాస్త తగ్గగానే మాత్రలు ఆపి, మిగిలిన అట్ట భార్య చేతిలో పెట్టేవాడు. "పెట్టుకో వాణీ. కడుపు నొస్తా ఉండాది అంటివి కదా. వీణుగా, ఊరికే పారేస్తారా?"

కడుపునొప్పి ఆమెకూ ఉంది. ఉండక ఏం చేస్తుంది? కొనే క్యాను నీళ్ళు ఆయనకూ, అత్తకూ, వచ్చేపోయే బేరగాళ్ళకూ. వంటింట్లో ఆమె తాగేది కొళాయి నీళ్ళు. క్యాను నీళ్ళు తాగొద్దని ఎవరూ అనలేదు. "క్యాను ఇంత బిరీన ఎట్ల అయిపోయ?" అని అత్త అడిగే ఒక్క మాట చాలదూ? నొప్పి వస్తే మిగిలిన మాత్ర. నోరంతా తుప్పు రుచి, వికారం. తగ్గేది, మళ్ళీ వచ్చేది, మళ్ళీ మాత్ర. అలా ఏళ్ళు గడిచాయి. ఒక్క సంగతి చెప్పకుండా ఉండలేను. ఆయన తన చేత్తో ఆమెకు ఇచ్చినవేవైనా ఉంటే ఆ మాత్రలే. చీరలు కూడా అత్తే ఎంచి తెచ్చేది. అందుకే కాబోలు, వద్దు అనడానికి ఆమెకు మనసు రాలేదు.

మొన్న కూరగాయల సంచి గుమ్మంలో దించితే అత్త నవ్వింది. "ఏమే, ఒక చెప్పు యాడ?" చూసుకుంటే ఎడమ కాలికి చెప్పు లేదు. ఎక్కడ జారిపోయిందో తెలియదు. ఎర్రటి ఎండలో నడిచొచ్చిన పాదం బొబ్బలెక్కింది, అదీ తెలియదు. "బుద్ధి యాడ పెట్టి నడుస్తావు?" అన్నాడు రఘురామన్. పాదం మాత్రం చూడలేదు.

చూసింది డాక్టర్ జెబమలర్. కళైవాణి ఆమె దగ్గరికి ఒక్కతే వెళ్ళింది. డాక్టరమ్మ కళ్ళు మూసుకోమని, "తాకినప్పుడు చెప్పమ్మా," అంది తమిళంలో. కళైవాణి కాచుకుంది. తనను ఎవరైనా అడిగి తాకడం ఎన్నాళ్ళయిందో అనుకుంటూ కాచుకుంది. ఎంతకీ తాకదేం?

"ఎప్పుడు తాకుతారు?"

"తాకేశాను. రెండు పాదాలూ."

కళ్ళు తెరిచేసరికి ఏడుపు తన్నుకొచ్చింది.

ఏయే మందులు మింగుతున్నదీ అడిగి తెలుసుకుని డాక్టరమ్మ తల పట్టుకుంది. "మంచి మాత్రే. చెప్పినన్ని రోజులు వేసుకుంటే అమీబాను చంపుతుంది. ఇలా ఏళ్ళ తరబడి సగం సగం మింగితే రోగం పోదు, నరాలు దెబ్బతింటాయి. ఇక ముట్టుకోవద్దు. పరీక్ష చేయించి వేరే మందు చూస్తాను. కాళ్ళు మెల్లగా తేరుకోవచ్చు, మాట ఇవ్వలేను. ఇంతకీ నీకు ఎవరు రాసిచ్చారు?"

ఎవరూ రాయలేదు. ఆయనకు మిగిలింది, తను తిన్నది. ఆ మాట చెప్పడానికి ఆమెకు తమిళమూ రాలేదు, తెలుగూ రాలేదు.

మర్నాడు మధ్యాహ్నం రఘురామన్ భోజనానికి వచ్చేసరికి నడిమింటి కూడంలో రెండు ఆకులు పక్కపక్కన పరిచి ఉన్నాయి.

"ఎవురన్నా వస్తా ఉండారా?" అంది రాజామణి.

"లేదత్తా. ఇది నాకి."

రఘురామన్ ఏమీ ఎరగనట్టు జేబులోంచి సగం అయిన అట్ట తీసి ఆమె వైపు జరిపాడు. "సాయంత్రం బోడినాయకనూరు వాళ్ళ విందు ఉండాది. ఇవి పెట్టుకో."

కళైవాణి దాన్ని తిరిగి ఆయన ఆకు పక్కకు తోసింది. "ఇవి మీవి. ముగించండి."

క్యాను వంచి తన గ్లాసు నింపుకుంది. ఆయనకు వడ్డించి, తనకూ వడ్డించుకుని కూర్చుంది. మడిచిన కాళ్ళ కింద నేల చల్లగా ఉందో లేదో ఆమెకు తెలియలేదు. పొగలొచ్చే అన్నంలో చెయ్యి పెట్టింది. వేళ్ళు చురుక్కుమన్నాయి.