జాంబేటా కొన్న ఓవెన్

తండ్రినాటి ఇటుక పొయ్యి కూలిపోయాక అనార్గిరోస్‌కు కొత్త ఓవెన్ కొనక తప్పలేదు. పండగలకూ ఆదివారాలకూ ఇరుగుపొరుగువాళ్ళు మాంసం పళ్ళాలు మోసుకొచ్చి కాల్పించుకునే రొట్టెల దుకాణం గ్రీసు దేశపు సీరోస్ దీవిలో ఆ వీధికి అతనిదొక్కటే. ఇప్పుడు ఎంపిక తప్పితే రెండోది కొనే తాహతు లేదు, దుకాణానికి తాళమే. అందుకే భార్య జాంబేటాను వెంటబెట్టుకుని ఓడెక్కి పిరేయస్ పట్నం వెళ్ళాడు. ఆవిడ చంకలో వీధిలోకెల్లా పెద్ద పళ్ళెం ఒకటి ఉంది. ఎందుకని అడిగితే, "పనుంది," అంది.

అక్కడి దుకాణంలో మొదట చూపించిన ఓవెన్ ధగధగలాడింది. ఫోన్‌తో వెలిగించుకోవచ్చట, లోపల రొట్టె ఎంత పొంగిందో మంచం మీదినుంచే చూసుకోవచ్చట. అనార్గిరోస్ అప్పుడే మనసు పారేసుకున్నాడు.

"దీని వెనక మూత తియ్యి, నాయనా," అంది జాంబేటా.

"వెనకేముందమ్మా? ముందు చూడండి, తెర ఎంత పెద్దదో!" అన్నాడు అమ్మేవాడు.

"ముఖం చూసి మోసపోవడం నాకు ఒకసారి అయిపోయింది. వెనక చూపించు."

అనార్గిరోస్ గొంతు సవరించుకున్నాడు.

ఆవిడ ఫోన్ తీసి, దీవిలో పడవ ఇంజన్లు బాగుచేసే ఫ్రాంగిస్కోస్‌కు వీడియో కలిపి ఆ వెనకభాగం చూపించింది. "ఇది ఆగిపోతే బాగుచెయ్యడం నీకు చేతనవుతుందా?"

"అదంతా సీలేసిన పెట్టె వదినా. కంపెనీవాడే రావాలి."

"మర్నాడే పంపిస్తామమ్మా!" అన్నాడు అమ్మేవాడు.

"గాలి లేస్తే ఓడలు ఆపేస్తారు. మీవాడు ఈదుకుంటూ వస్తాడా?"

అమ్మేవాడు నవ్వాడు. మంచివాడే, మూలనున్న సాదా ఓవెన్ దగ్గరికి తీసుకెళ్ళాడు. దాని లోపలి భాగాలు చూసి ఫ్రాంగిస్కోస్, "దీన్ని వేడెక్కించే కాయిల్ పాడైతే కళ్ళు మూసుకుని మార్చేస్తా," అన్నాడు. జాంబేటా చంకలోని పళ్ళెం దాంట్లోకి తోసి చూసింది. చక్కగా పట్టింది. బేరం కుదిరాక ఆవిడ ఇంకో కాయిల్ కూడా కొంది.

"కొత్తది కొంటూ విడిభాగమా? పెళ్ళికి పోతూ పిల్లిని చంకనెత్తుకున్నట్టుంది!" అని వెక్కిరించాడు అనార్గిరోస్. ఓడలోనూ అదే పాట. దీవిలో దిగాక కాఫీ దుకాణంలో కూడా పదిమందికీ చెప్పి నవ్వించాడు.

ఆగస్టులో మరియమ్మ పండగ వచ్చింది. ముందురోజే గాలి లేచి, ఓడలు రేవు వదల్లేదు. పొద్దున్నే దుకాణం నిండా మేకమాంసం, బంగాళాదుంపల పళ్ళాలు. ఎవరిది వాళ్ళు గుర్తుపట్టడానికి ఒకరు అంచుకు దారం కట్టారు, ఒకరు చెంచా కట్టారు. మొదటి వరస లోపల పెట్టిన కాసేపటికే ఓవెన్ చల్లబడిపోయింది.

"ఏమ్మా జాంబేటా, పండగపూట పచ్చిమాంసం తినమంటావా?" అంది గుమ్మంలో ఒక ముసలమ్మ.

అనార్గిరోస్ ఓవెన్ మీటలన్నీ నొక్కి చూశాడు. తండ్రి పేరు, వీధి నమ్మకం అన్నీ ఈ పూటతో పోయాయనుకున్నాడు. జాంబేటా మాత్రం ఫ్రాంగిస్కోస్‌కు కబురుపెట్టి, పిండి బస్తాల వెనకనుంచి ఒక పెట్టె లాగింది. వాడు చర్చికి వేసుకున్న తెల్లచొక్కాతోనే వచ్చి, చేతులు పైకి మడిచి, ఓవెన్ వెనక మూత విప్పి కూర్చున్నాడు. ముసలమ్మ మళ్ళీ నోరు తెరిచేలోగా కొత్త కాయిల్ ఎర్రబడింది. నిమ్మరసం, కొవ్వు కలిసిన వాసన వీధిలోకి పోయింది.

మధ్యాహ్నానికి ఆఖరి పళ్ళెం కూడా ఇల్లు చేరింది. అనార్గిరోస్ అలిసి కూర్చున్న భార్యను చూశాడు. ఇన్నేళ్ళుగా ఈ దుకాణం తన తెలివితో నడుస్తోందనుకున్నాడు. సిగ్గేసింది, అంతకు రెట్టింపు గర్వంగానూ అనిపించింది. ఆ మాట చెప్పడం మాత్రం చేతకాలేదు. ఫోన్ తీసి పిరేయస్‌కు కలిపాడు.

"గాలి తగ్గగానే మొదటి ఓడకు ఇంకో కాయిల్ పంపించండి," అన్నాడు.

"ఓవెన్ పాడైపోయిందా అండీ?" అని అడిగాడు అమ్మేవాడు.

"లేదు, బ్రహ్మాండంగా పనిచేస్తోంది," అన్నాడు జాంబేటా వైపే చూస్తూ. "పిల్లి లేకుండా మేం పెళ్ళికి వెళ్ళం."