ఊడదీసిన కాలు

కాలు ఊడదీయమన్నారు! అన్న అప్పుడే దాన్ని తొడుక్కుని రెండు కమ్మీల మధ్య నిలబడ్డాడు. నేను కింద కూర్చుని మడమ ఎత్తు సరిచూస్తున్నాను. ఇంకాస్త అరగదీస్తే చాలు, సాయంత్రానికి ఇంటికి నడిచే పోవచ్చు.

మా వర్క్‌షాపులో కృత్రిమ కాళ్ళు చేస్తాం. డబ్బు, యంత్రాలు, ఆఖరికి గోడకున్న ఫ్యాను కూడా పెద్ద దేశానివే. అవతలి దేశంతో యుద్ధంలో మేము పెద్ద దేశం పక్షం. వాళ్ళ సామాను లారీ తోలుతూనే అన్న, అవతలి దేశం వాళ్ళు పాతిన మందుపాతర మీదికి పోయాడు. ఎడమ కాలు మోకాలి కింద తెగిపోయింది. "పోతే పోయిందే, మనవాళ్ళు ఊరుకుంటారా, కొత్తది పెట్టిస్తారు," అనేవాడు. మనవాళ్ళట!

ఊడదీయమన్నది మా సూపర్‌వైజరు పొడుగాయన. పెద్ద దేశం మనిషే అయినా మా భాషలోనే మామీద జోకులేసేవాడు. ఆ రోజు ఫోను పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. మొహంలో నెత్తురుచుక్క లేదు.

"పని ఆపేయాలి, ఇప్పుడే. మా కొత్త ప్రభుత్వం ముందు మా జనం, తర్వాతే ఎవరైనా అంటోంది. బయటి దేశాలకిచ్చే సాయమంతా ఆపేశారు."

"ఆపుదాంలెండి. ఈ ఒక్క కాలు అవనివ్వండి."

"అదీ కుదరదమ్మా. ఇంకా అప్పజెప్పని సరుకంతా సీలు వేయాలట."

"సరుకా? మనిషి ఒంటి మీదుందండీ! మతి ఉండే మాట్లాడుతున్నారా?"

అన్న పకపకా నవ్వాడు. "పొద్దున్నే ఎవరి మొహం చూశారు సార్, ఇలాంటి జోకులేస్తున్నారు?"

ఎవరూ నవ్వలేదు. అన్న నన్ను చూశాడు, పొడుగాయన్ని చూశాడు. బల్ల మీద కూలబడి పట్టీ తనే విప్పి, కాలు తీసి ఆయన చేతికిచ్చాడు. పొడుగాయన ఏడుస్తూనే దాన్ని పెట్టెలో పెట్టి సీలు వేశాడు. ఏడిస్తే మాత్రం!

నెల తిరక్కుండానే మా వీధి చివర అవతలి దేశం వాళ్ళ వ్యాను ఆగింది. కాళ్ళు ఉచితం, పైగా వచ్చినవాళ్ళందరికీ టీ. నిన్నటిదాకా వాళ్ళ పేరెత్తితే కాండ్రించి ఉమ్మిన జనమే ఎగబడ్డారు. అన్న చచ్చినా పోడనుకున్నాను. గడ్డం గీసుకుని, చంకకర్రలు తీసుకుని బయల్దేరాడు. నా ఒళ్ళు మండిపోయింది.

"సిగ్గులేదూ అన్నా? నీ కాలు తీసింది వాళ్ళేగా!"

"మనవాళ్ళు మాత్రం తియ్యలేదేంటే? నేను మళ్ళీ లారీ ఎక్కాలి చెల్లీ. ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కిపోతోంది."

చెప్పులేసుకుని వెంట వెళ్ళాను. కొలతలు తీసే ఆవిడ అవతలి దేశం మనిషే, మా అమ్మ వయసుంటుంది. మొండికాలిని మెత్తగా పట్టుకుని చూసింది. పనితనంలో నేను వంక పెట్టడానికేమీ దొరకలేదు.

"అయ్యో, ఎలా పోయింది నాయనా?" అని అడిగింది.

వరసలో మాటలు ఆగిపోయాయి. అందరికీ తెలుసు. చెప్పన్నా, మొహం మీదే చెప్పు అని నేను పళ్ళు బిగబట్టాను.

అన్న నా వైపు చూడలేదు.

"బండి తోలుతుంటే కునుకు పట్టిందమ్మా," అన్నాడు. "తప్పు నాదే."